హ్యాంగ్డ్ మ్యాన్ కార్డు: తాడు మెడకు లేదు, కాలికి ఉంది

మీ ప్రశ్న ఇదీ: అనంతపురంలో ఉంటున్న మీరు, నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముడి కోసం ఫోన్ యాప్‌లో మూడు టారో కార్డులు (జోస్యానికి వాడే బొమ్మల పేక) తీశారు. మొదట ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్, నడుమ హ్యాంగ్డ్ మ్యాన్, చివర ఫోర్ ఆఫ్ కప్స్ వచ్చాయి. నడిమి కార్డు కింద యాప్ ‘ఉరితీయబడిన మనిషి’ అని తెలుగులో చూపించింది. చుట్టాలు ఇప్పటికే ‘ఇంకా ఖాళీనేనా’ అని అడుగుతున్నారు, ఇప్పుడిది కూడా వచ్చింది, ఇది చెడుకు సూచనా, శాంతి ఏమన్నా చేయించాలా అని అడిగారు.

కార్డుకంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. మీ తమ్ముడు చావు మాట గానీ, ‘నేను లేకుంటే మీకు పీడ వదుల్తుంది’ లాంటి మాట గానీ ఎప్పుడైనా అని ఉంటే, దానికి కార్డులు చూడకూడదు. ఈ రోజే మాట్లాడి నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడొద్దు, అలా జరగదు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ 14416కు ఏ వేళలో చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. అలాంటిదేమీ లేకుంటే కింద రాసింది చదవండి.

యాప్ చేసిన తప్పు తర్జుమాలో ఉంది. తెలుగులో ఉరి అంటే మెడకే. ఈ బొమ్మలో తాడు కుడి కాలి చీలమండకు కట్టి ఉంటుంది. ‘తలకిందులుగా వేలాడే మనిషి’ అని రాసి ఉంటే మీకు ఇంత గుండెదడ ఉండేది కాదు. పైగా 78 కార్డుల కట్టలోంచి మూడు తీస్తే, ఫలానా కార్డు వాటిలో ఉండే అవకాశం 26లో ఒకటి. ఈ రాత్రి అనంతపురంలో ఇంకెవరో తీసినా వాళ్లకూ ఇదే రావచ్చు. శాంతి సంగతంటారా, టారోలో దోషం, పరిహారం అనే లెక్కే లేదు. ఈ కార్డు చూపించి హోమానికో తాయెత్తుకో డబ్బు అడిగేవాళ్లు రెండు వేరువేరు పద్ధతుల్ని కలిపి మీ భయాన్ని అమ్ముకుంటున్నట్టే. ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

ఇక బొమ్మ. ఇది 15వ శతాబ్దపు ఇటలీ సరుకు. అప్పట్లో టారో అంటే ఉత్త పేకాట, జోస్యానికి వాడకం 18వ శతాబ్దంలో గానీ ఊపందుకోలేదు. ఆ కాలపు ఇటలీ నగరాల్లో ద్రోహుల్ని, అప్పులెగ్గొట్టిన వాళ్లని ఒంటికాలితో తలకిందులుగా వేలాడుతున్నట్టు ఊరి గోడల మీద బొమ్మలు వేయించేవాళ్లు. మనిషి చేతికి చిక్కకపోయినా వాడి పరువు గోడ మీద ఎండుతూ ఉంటుంది. 1440లో ఫ్లోరెన్స్‌లో ఇలాంటి బొమ్మలు వేసినందుకు ఆండ్రియా దెల్ కాస్టాన్యో అనే చిత్రకారుడికి ‘వేలాడేవాళ్ల ఆండ్రియా’ అన్న పేరే అంటుకుంది. ఈ కార్డును కూడా పాతకాలం ఇటలీవాళ్లు ‘ద్రోహి’ అనే పిలిచారు. అందుకే దీని అడుగుపొరలో ఉన్న అర్థం నలుగురిలో తలవంపు. మీ చుట్టాల ప్రశ్న ఈ కార్డులోకి ఎక్కడినుంచి వచ్చిందో చూశారా!

1781లో కూర్ ద జెబెలిన్ అనే పండితుడు ఇదంతా అచ్చుపని చేసినవాళ్ల పొరపాటని, కార్డును తిప్పి నిలబెట్టాలని, అప్పుడది అడుగు ఆచితూచి వేసే వివేకవంతుడి బొమ్మ అవుతుందని వాదించాడు. చరిత్రగా చూస్తే ఆ వాదన తప్పు. కానీ చూసే కన్ను మారితే అవమానం కాస్తా వివేకంగా కనబడుతుందన్న సంగతి అప్పుడే బయటపడింది.

ఎక్కువ యాప్‌లు వాడేది 1909లో లండన్‌లో వచ్చిన కట్ట బొమ్మల్ని. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ చెప్పిన పద్ధతిలో పమేలా కోల్మన్ స్మిత్ గీసింది. మీ ఫోన్‌లో బొమ్మను పెద్దది చేసి, అర్థం చదవకుండా రెండు నిమిషాలు చూడండి. మొదట మొహం చూడాలి. నొసలు ముడిపడలేదు, నోరు తెరుచుకోలేదు, తల చుట్టూ పసుపు వెలుగు ఉంది. ఇందులో కనిపించేది బాధ కాదని, లోతైన తన్మయమని, ప్రాణం ఆగి ఉందే తప్ప పోలేదని వెయిట్ కూడా వివరించాడు. తర్వాత కాళ్లు: కట్టేసింది ఒక్క కాలినే, రెండోది మోకాలి దగ్గర మడిచి హాయిగా వెనక్కి పెట్టుకున్నాడు. గింజుకునేవాడి కాలు అలా ఉండదు. చేతులు వెనక ఉన్నాయి, కట్టి ఉన్నాయో లేదో మనకు కనబడనివ్వలేదు. నాకైతే ఈ కార్డులో అన్నిటికంటే విలువైన జాగా అదే, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ఇక కొయ్య: చచ్చిన మొద్దు కాదు, ఆకులున్న పచ్చి మాను.

ఇంకొక చిన్న పని చేయండి. హ్యాంగ్డ్ మ్యాన్ కట్టలో 12వ కార్డు. 12ను తిప్పి రాస్తే 21. 21వ కార్డు ది వరల్డ్, ముగింపుకు, పండిన పనికి గుర్తు. ఈ కార్డును తలకిందులు చేసి దాని పక్కన పెడితే, అందులో నాట్యం చేసే ఆమె కాళ్లూ ఈయన కాళ్లూ దాదాపు ఒకే భంగిమలో ఉంటాయి. చింతచెట్టుకు వేలాడే గబ్బిలాన్ని చూసి ఎవరూ అయ్యోపాపం అనరు, దానికి అది విశ్రాంతి.

అలాగని దీన్ని ‘ఓపిక పట్టండి’ అనే కార్డుగా చదివి వదిలేయడం ఇంకో తప్పు. టారోలో ఎదురుచూపులు చాలా రకాలు. సెవెన్ ఆఫ్ పెంటకిల్స్‌లో పార మీద ఆనుకుని పంట చూస్తున్న రైతుది గడువున్న ఎదురుచూపు, శెనక్కాయ ఎప్పుడు పీకాలో వేసినవాడికి తెలుసు. ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్‌లో పడుకున్న యోధుడిది అలసట తీర్చుకోవడం. హ్యాంగ్డ్ మ్యాన్‌లో గడువు కనబడదు, కష్టం పెంచితే ముడి వదలదు, మారడానికి వీలున్నది చూపు ఒక్కటే. అందుకే ఇది వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న ‘ఎప్పుడు దిగుతాడు’ అన్నది కాదు. ఈ తాడు ఎవరు కట్టారు, చేతులు నిజంగా కట్టి ఉన్నాయా అన్నది.

లేపాక్షికి పోయినవాళ్లు వేలాడే స్తంభం కింద తుండుగుడ్డ దూర్చి ఇటునుంచి అటు లాగుతారు కదా. గుడ్డ ఎక్కడ తగులుకుంటే బరువు అక్కడ ఆనినట్టు. మీ తమ్ముడి విషయంలోనూ అలాగే ఒక్కొక్కటి కింద గుడ్డ లాగి చూడండి. నోటిఫికేషన్ రాలేదని ఆగాడా? ఇప్పటికే కట్టిన ఫీజు వృథా పోతుందనా? నాయన అప్పు చేసి పంపించాడనా? ఊరికి వస్తే నలుగురూ అడుగుతారనా? మొదటిది బయటివాళ్లు కట్టిన తాడు, దానికి చేసేదేమీ లేదు. మిగతా మూడింటి ముడి ఇంట్లోనే ఉంది, ఇంట్లోనే విప్పొచ్చు. ముఖ్యంగా చివరిది ఆ ఇటలీ గోడ బొమ్మలాంటిదే.

పక్క కార్డులు కలిపితే మీది చాలా స్పష్టమైన వరస. ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్‌లో పనివాడు బల్ల మీద కూర్చుని ఒక్కొక్క నాణెం చెక్కుతుంటాడు, ఊరు వెనక దూరంగా కనిపిస్తుంది. చదువులో నిజాయితీ ఉంది, అయినవాళ్లకు దూరమయ్యాడు. నడుమ ఆగిపోయాడు. ఫోర్ ఆఫ్ కప్స్‌లో కుర్రాడు చెట్టు కింద చేతులు కట్టుకుని ముందున్న మూడు కప్పుల వైపు చూస్తుంటాడు, మేఘంలోంచి ఒక చెయ్యి నాలుగో కప్పు అందిస్తుంటే చూడడు. చేతులెవరూ కట్టలేదు, తనే కట్టుకున్నాడు. నడిమి కార్డులో దాచిన చేతుల ప్రశ్నకు మూడో కార్డు ఇచ్చిన జవాబు ఇది. అతను వద్దనుకున్న, లేదా లెక్కలోకే తీసుకోని అవకాశం ఒకటి ఉండే ఉంటుంది: ఇంకో పరీక్ష, చిన్న ఉద్యోగం, ఎవరో పిలిచిన పని. నేనైతే ఈ మూడింటిని ‘చదువు మానెయ్’ అని చదవను, ‘నాలుగో కప్పు ఏదో పేరు పెట్టి చెప్పు’ అని చదువుతాను.

మూడో చోట ఫోర్ ఆఫ్ కప్స్‌కు బదులు ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చి ఉంటే చదవడం మారిపోయేది. కళ్లకు గంతలతో కట్టేసిన ఆడమనిషి ఆమె. ఆ జంట వచ్చినప్పుడు, ముఖ్యంగా కాపురంలో దెబ్బలు తింటున్న ఆడవాళ్లకు, ‘ఇది త్యాగం కార్డమ్మా, ఓర్చుకో’ అని చెప్పేవాళ్లున్నారు. అది చాలా అన్యాయమైన చదువు. మొహంలో వెలుగు ఉన్నప్పుడే అది త్యాగం, లేనప్పుడు అది బంధనం, విప్పించాల్సిందే.

కార్డు తిరగబడి వస్తే మనిషి నిలబడినట్టు కనిపిస్తాడు, అందుకని ‘హమ్మయ్య, దిగాడు’ అనుకుంటారు. ఒక్కోసారి నిజమే. ఎక్కువసార్లు ఫలితం లేని త్యాగాన్ని, చూపు మార్చుకోనన్న మొండితనాన్ని చెబుతుంది. మీకు నేరుగానే వచ్చింది కాబట్టి ఆ చర్చ అక్కర్లేదు. ‘వస్తుందా రాదా’ అన్న ప్రశ్నకు దీన్ని వాడొద్దు, మహా అయితే ‘ఇప్పుడే కాదు’ అంటుంది. తేదీ అసలు చెప్పదు. మంచి కార్డు వచ్చేదాకా తీస్తూ పోవడం మరీ చెడ్డ అలవాటు, పదోసారికి వచ్చే సన్ కార్డు మీ భయానికి తప్ప మీ ప్రశ్నకు జవాబు కాదు. ఇంట్లో ఏదైనా నిజంగా మారేదాకా ఇదే ప్రశ్నతో మళ్లీ తీయకండి.

వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు తమ్ముడికి ఈ బొమ్మ ఒక్కటి పంపండి. కార్డు పేరు, అర్థం ఏదీ చెప్పొద్దు. ‘ఈ మనిషి మొహం ఎట్లుందిరా?’ అని మాత్రం అడిగి, అతను మాట్లాడేదాకా మీరు మాట్లాడకుండా ఉండండి.