పాలియెస్టర్ చీర, గోదావరి నీళ్లు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. కుళాయిలో వచ్చేవి గోదావరి నీళ్లే. నదుల్లో మైక్రోప్లాస్టిక్ ఉంటుందని విన్నప్పటి నుంచి మావారు మినరల్ వాటర్ టిన్ను వేయించుకుందామని ఒకటే గొడవ. మేం ఏనాడూ ఏట్లో ఒక్క కవరు పారేయలేదు. మరి ఇదంతా ఎక్కణ్నుంచి వస్తోంది? పులస తినడానికి కూడా భయపడాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: కవరు పారేయలేదన్నారు, సంతోషం అమ్మా. ఇంట్లో ఉతికే చీరలు ఏ రకమో మాత్రం రాయలేదు!

5 మిల్లీమీటర్ల కంటే చిన్న ప్లాస్టిక్ ముక్కల్ని మైక్రోప్లాస్టిక్ అంటారు. రేవు మెట్ల దగ్గర తేలే కవర్లు ఎండకి పెళుసెక్కి ముక్కలవుతాయి. రోడ్డు మీద అరిగిన టైర్ల పొడి వానకి కాలవలోకి, అక్కణ్నుంచి ఏట్లోకి దిగుతుంది. ఇవి ఊహించగలిగినవే. నేను ఊహించనిది ఉతికినప్పుడు బట్టల నుంచి రాలే దారపు పోగులు. పాలియెస్టర్, అక్రిలిక్ దారాలూ ప్లాస్టిక్కే మరి.

2019లో శాస్త్రవేత్తలు గంగ మీద ఉత్తరాఖండ్‌లోని హర్షిల్ నుంచి బంగ్లాదేశ్‌లోని భోలా దాకా పది చోట్ల, వానలకి ముందొకసారి, తర్వాతొకసారి నీళ్లు తోడి వడగట్టారు. దొరికినవాటిలో 91 శాతం పోగులే. ఏ పదార్థమని చూస్తే 54 శాతం రేయాన్, 24 శాతం అక్రిలిక్. (రేయాన్ చెక్క గుజ్జుతో చేసేదే అయినా దాన్నీ లెక్కలో కలిపారు.) గంగ, బ్రహ్మపుత్ర, మేఘన కలిసి రోజుకి 100 నుంచి 300 కోట్ల ముక్కల్ని బంగాళాఖాతంలో కలుపుతుండొచ్చని వాళ్ల అంచనా. అంతకుముందు 2016లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు 6 కిలోల బట్టలు ఒక్కసారి ఉతికితే ఎన్ని పోగులు రాలతాయో లెక్కగట్టారు. అక్రిలిక్‌కి 7 లక్షల పైచిలుకు, పాలియెస్టర్‌కి 5 లక్షలకి కాస్త తక్కువ.

ముప్పై అయిదేళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ని, కళ్లతో చూడందే ఊరుకోలేను. మా వాషింగ్ మెషీన్ గొట్టానికి పాత పంచె ముక్క బిగించి కట్టాను. నీళ్లు ఎగదన్ని బాత్రూమ్ చెరువైంది, మా ఆవిడ చేత చీవాట్లయ్యాయి. రెండోసారి బకెట్లో పట్టి వడగడితే పంచె మీద తడిసిన పిల్లిబొచ్చు లాంటి నలక మిగిలింది. దాన్ని ఆరబెట్టి అగ్గిపుల్ల చూపించాను. కొంత కాగితంలా కాలి బూడిదైంది, అది నూలు. కొంత ముడుచుకుని గట్టి నల్లపూసైంది. అది మా మనవడి క్రికెట్ జెర్సీ.

వరదొస్తే ఏరే కడిగేసుకుంటుందని మా వీధిలో ఒకాయన వాదన. కడుగుతుంది, కాదనను. ఇంగ్లండ్‌లోనే మెర్సీ నది పరీవాహకంలో 40 చోట్ల అడుగు మట్టి చూస్తే, 2015-16 చలికాలపు వరదలకి అందులోని మైక్రోప్లాస్టిక్ దాదాపు 70 శాతం కొట్టుకుపోయింది. పోయిందెక్కడికి? సముద్రంలోకి. మన పులస ఎర్రనీటికి ఎదురీది వచ్చేదీ ఆ సముద్రం నుంచే కదమ్మా.

అయినా పులసకి భయపడకండి. చేప మింగిన ముక్కలు ఎక్కువగా పేగుల్లోనే ఉంటాయి, వాటిని ఎలాగూ తీసి పారేస్తాం. ఆలోచించాల్సింది నెత్తళ్ల గురించి. వాటిని పొట్టతో సహా తినేస్తాం కాబట్టి, ఓపికుంటే తలా పొట్టా గిల్లి వండుకోండి.

ఇక టిన్ను సంగతి. అమెరికాలో మూడు కంపెనీల సీసా నీళ్లు పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకి సగటున 2.4 లక్షల ముక్కలు తేలాయి, అందులో 90 శాతం నానో సైజువి, అంటే మైక్రోప్లాస్టిక్ కంటే కూడా మరీ సన్నవి. మన ఊరి టిన్ను అంతకంటే శుభ్రంగా ఉంటుందని, మండుటెండలో ఆటో మీద తిరిగే ఆ డబ్బాల్ని చూశాక నాకైతే అనిపించదు. అదే ఏడాది చైనాలో ఇంకో సంగతి తేలింది. గిన్నె అడుగున సున్నం పట్టే నీళ్లని మరిగిస్తే, ఆ సున్నం ప్లాస్టిక్ ముక్కల్ని పొదువుకుని కిందికి దిగుతుందట. వడగడితే సున్నం బాగా ఎక్కువున్న (కఠినమైన) నీళ్లలో 90 శాతం దాకా పోయాయి, సున్నం తక్కువున్న నీళ్లలో పాతిక శాతమే. కుళాయి నీళ్లు కాచి, చల్లార్చి, అడుగు కదపకుండా వంచుకుని గుడ్డలో వడగట్టుకోండి. మీవారికి కూడా అదే చెప్పండి.

మెషీన్ నిండా బట్టలు వేసి, చన్నీళ్లలో, తక్కువసేపు తిప్పండి. పోగులు తక్కువ రాలతాయి. ఫిల్టర్‌లో చిక్కిన నలకని కుళాయి కింద కడిగేయకుండా చెత్తబుట్టలో వేయండి. నాలాగా మెషీన్ గొట్టానికి గుడ్డ కట్టాలనిపిస్తే మాత్రం వదులుగా కట్టండి. బాత్రూమ్ సంగతి ముందే చెప్పాను.