జేబు రుమాలుకు ఏ రంగు? ఇంట్లో ఎలా వేయాలి?

ప్రశ్న: రిసెప్షన్‌కి నేవీ బ్లూ సూటు కుట్టించుకున్నాను. టై మెరూన్. నాది చామనచాయ. కోటు పైజేబులో పెట్టే రుమాలు ఏ రంగుదైతే నప్పుతుంది? టై గుడ్డతోనే చేసిన రుమాలు సెట్‌గా ఇస్తామని షాపువాళ్లు అంటున్నారు. (రాజమహేంద్రవరం)

ఆ సెట్టు తీసుకోకండి. టై, రుమాలు ఒకే తానులోంచి కోసినట్టుంటే అద్దె సూటులా కనిపిస్తుంది. రుమాలు కోటు మీద కనిపించేది రెండు మూడు సెంటీమీటర్లే. కాబట్టి ముందు చూడాల్సింది కోటు రంగు, తర్వాత టై, ఒంటి ఛాయ ఆ తర్వాతే. నేవీ మీద బంతిపూల పసుపు, ఇటుక ఎరుపు, మీగడ తెలుపు మూడూ బాగుంటాయి. మెరూన్ టైకి మీగడ తెలుపు గుడ్డ, అంచు మాత్రం మంజిష్ఠ (రంగునిచ్చే ఒక వేరు) ఎరుపు అయితే ఇంకా మంచిది. చామనచాయకు ఆవపసుపు, ఇటుక రంగు, ముదురు ఎరుపు భయం లేకుండా వాడొచ్చు. ఒంటి రంగుకు దగ్గరగా ఉండే గోధుమ, బిస్కెట్ రంగులే ముఖాన్ని పాలిపోయినట్టు చూపిస్తాయి. ఏదైనా సరే షాపులో లైటు కింద చూసి తేల్చుకోవద్దు. కోటు పట్టుకుని గుమ్మం బయటికి వచ్చి పగటి వెలుగులో చూడండి. లైటు కింద కలిసిపోయిన రెండు రంగులు ఎండలో విడిపోవడం మామూలే.

ప్రశ్న: తెల్ల పట్టు కొని బంతిపూలతో, మంజిష్ఠతో మేమే నాలుగు రుమాళ్లకు రంగు వేసుకోవాలనుకుంటున్నాం. కొలతలతో చెప్పండి. (హనుమకొండ)

44 అంగుళాల పన్నా ఉన్న మీటరు గుడ్డలో 43 సెంటీమీటర్ల చదరాలు నాలుగు వస్తాయి. అంచు చుట్టి కుట్టాక 40 మిగులుతుంది. రంగు వేయకముందే అంచును పట్టు దారంతోనే కుట్టాలి. పాలియెస్టర్ దారానికి ఈ రంగులు పట్టవు. ఎర్ర రుమాలు చుట్టూ తెల్లగీత మిగిలిపోతుంది.

తర్వాత పొడి గుడ్డను కాటాలో వేయండి. మందులన్నీ ఈ బరువును బట్టే. నాలుగూ కలిపి 50 గ్రాములు అనుకుందాం. గోరువెచ్చని నీళ్లలో కాస్త షాంపూ వేసి ఉతకండి. గుడ్డ మీద నూనె, గంజి మిగిలితే అక్కడ మచ్చ ఖాయం.

రంగు గుడ్డను పట్టుకుని నిలవాలంటే ముందు పటిక పట్టించాలి. గుడ్డ బరువులో 15 శాతం, అంటే ఏడున్నర గ్రాములు. వేడినీళ్లలో పూర్తిగా కరిగించి, రుమాళ్లు ధారాళంగా తేలేటన్ని నీళ్లు కలపండి. తడి రుమాళ్లను అందులో ఒక రాత్రి ఉంచండి. పొడి గుడ్డను ముంచితే పటిక ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. రంగు మరకలుగా వచ్చిందని వాపోయేవాళ్లలో చాలామంది చేసిన పొరపాటు ఇదే. పాత్ర స్టీలుదే కావాలి. ఇనుప మూకుడు, అల్యూమినియం గిన్నె వద్దు. ఈ పనికి వాడిన పాత్రను మళ్లీ వంటకు తీయకండి.

పసుపు రంగుకు రెండు రుమాళ్లు (25 గ్రాములు), 100 గ్రాముల పచ్చి బంతి రేకులు. ఆకుపచ్చ తొడిమలు తీసేయండి, అవి కలిస్తే పసుపు మందగిస్తుంది. రెండు లీటర్ల నీళ్లలో ముప్పావుగంట ఉడికించి, వడగట్టి, చల్లారాక రుమాళ్లు వేసి మళ్లీ సన్నని సెగ పెట్టండి. 40 నిమిషాలు, అప్పుడప్పుడు కదుపుతూ. మరగనిస్తే పట్టు మెరుపు పోతుంది.

ఎరుపుకు మిగతా రెండు. మంజిష్ఠ పొడి 25 గ్రాములు ముందురోజు రాత్రే నానబెట్టాలి. పొడిని పలుచని గుడ్డలో మూటకట్టండి, లేకపోతే రేణువులు అంటుకుని చుక్కలు పడతాయి. ఇక్కడ తొందర పనికిరాదు. ఆ మూటతో పాటు రుమాళ్లు నీళ్లలో వేసి, గంటసేపు మెల్లగా వేడి పెంచి 65 డిగ్రీల దగ్గర ఆపండి. థర్మామీటరు లేకపోతే ఆవిరి రావాలి గాని బుడగ లేవకూడదు. అక్కడే గంట ఉంచి, స్టవ్ ఆపి, రాత్రంతా ఆ నీళ్లలోనే వదిలేయండి. వేడి మితిమీరితే వేరులోని గోధుమ రంగులు కూడా దిగి, ఎరుపు కాస్తా ఇటుకపొడిలా అవుతుంది. జాడించి నీడలో ఆరేయండి. మొదటి రెండు మూడు జాడింపుల్లో నీళ్లు ఎర్రబడటం సహజం, ఆ తర్వాత కూడా దిగుతుంటే తెల్లచొక్కా దగ్గరికి ఆ రుమాలును రానివ్వకండి.

ప్రశ్న: అదే మంజిష్ఠ నూలు రుమాలుకు వేస్తే లేత గులాబీ దగ్గరే ఆగిపోయింది. ఎందుకు? (గుంటూరు)

పట్టు పటికను తనంతట తాను పట్టుకుంటుంది. నూలుకు ఆ గుణం తక్కువ, మధ్యలో కరక్కాయ కావాలి. పెడన కలంకారీ పనివాళ్లు గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో ముంచి, ఎరుపు కావాల్సిన చోట పటికను అచ్చుతో అద్దేది అందుకే. తర్వాత గుడ్డంతా రంగులో ఉడికించినా పటిక పడిన చోటే ఎరుపు నిలుస్తుంది. శ్రీకాళహస్తిలో కరక్కాయతో పాటు పాలు కూడా కలుపుతారు, కలం గీత పాకకుండా. మీకు గీతల పని లేదు గనక పాలు అక్కర్లేదు.

50 గ్రాముల నూలుకు: ముందు బట్టల సోడా, సబ్బు వేసి గంట ఉడికించి గంజి వదిలించండి. 10 గ్రాముల కరక్కాయ పొడిని వేడినీళ్లలో కలిపి వడగట్టి, ఆ నీళ్లలో గుడ్డను రాత్రంతా నానబెట్టండి. పిండి, జాడించకుండా ఆరేయండి. తర్వాత 10 గ్రాముల పటిక, ఒకటిన్నర గ్రాముల బట్టల సోడా విడివిడిగా కరిగించి కలపండి. నురగ పొంగుతుంది, పెద్ద పాత్ర తీసుకోండి. ఆ నీళ్లలో ఒక రాత్రి. ఆ తర్వాత రంగు. కరక్కాయ లేత పసుపు వదులుతుంది కాబట్టి ఎరుపు కొంచెం కాషాయం వైపు మొగ్గుతుంది, అది తప్పు కాదు.

ప్రశ్న: పసుపుకొమ్ములతో వేసిన రంగు నెలకే వెలిసిపోయింది. సబ్బు తగిలినచోట ఎర్ర మచ్చ. (తెనాలి)

పసుపుకొమ్ముల రంగు ఎండకు ఆగదు, పటిక వేసినా అంతే. ఎర్ర మచ్చకు కారణం సబ్బులోని క్షారం. పసుపులో సున్నం కలిపితే కుంకుమ అయ్యేదీ ఇలాగే. మచ్చ మీద రెండు చుక్కల నిమ్మరసం వేసి జాడిస్తే తగ్గుతుంది. పసుపు రంగే కావాలంటే బంతిపూలు, లేదా దానిమ్మ తొక్క వాడండి. లక్క ఎరుపుకూ ఈ జాగ్రత్త కావాలి. పులుపు తగిలితే నారింజ వైపు, సబ్బు తగిలితే ఊదా వైపు తిరుగుతుంది.

ప్రశ్న: బూడిద రంగు కోసం అన్నభేది వేశాను. రంగు బ్రహ్మాండంగా వచ్చింది, రెండు నెలల్లో మడత దగ్గర పట్టు చిరిగింది. (కర్నూలు)

అన్నభేది అంటే ఇనుప లవణం, అది ఎక్కువైంది. ఇనుము పట్టును పెళుసుగా చేస్తుంది. గుడ్డ బరువులో ఒక శాతం, మరీ ముదురు కావాలంటే రెండు, అంతకు మించొద్దు. 50 గ్రాములకు అర గ్రాము చాలు. దానిమ్మ తొక్కతో పసుపు వేసిన రుమాలును అన్నభేది కరిగించిన గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచితే ఆలివ్ ఆకుపచ్చ నుంచి బూడిద దాకా తిరుగుతుంది. బాగా జాడించండి.

ప్రశ్న: సియాటిల్‌లో ఉంటాం. హైదరాబాద్‌లో మా అమ్మ వేసిన మంజిష్ఠ ఎరుపు ఇక్కడ రావడం లేదు. పొడి అదే. (సియాటిల్)

పొడి అదే అయినా నీళ్లు వేరు. మంజిష్ఠకు సున్నపు నీళ్లు ఇష్టం. హైదరాబాద్ బోరునీళ్లలో అది ఉంటుంది, మీ కుళాయి నీళ్లలో చాలా తక్కువ. లీటరుకు అర గ్రాము సుద్దపొడి కలిపి చూడండి. బంతిపూలకు మాత్రం మీ నీళ్లే మంచివి, సుద్ద వేయకండి.