జబ్బు పేరు తేలలేదు, ప్రపోజల్ ఫారంలో ఏం రాయాలి?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరులో మారతహళ్లిలో ఉంటున్నాను. నేను స్త్రీని, నా వయసు 34. రెండున్నరేళ్లుగా కడుపునొప్పితో నాలుగు ఆసుపత్రులు తిరిగాను. అన్ని పరీక్షలూ నార్మల్ అనే వచ్చాయి. పాత రిపోర్టులు ఇంట్లో మరిచి వెళ్లడంతో అల్ట్రాసౌండే మూడుసార్లు తీయించుకున్నాను. 1,85,000 రూపాయలు ఖర్చయింది, అందులో 62,000 ఇంకా క్రెడిట్ కార్డు మీద ఉంది. ఉద్యోగం మానేసి సొంతంగా ఆరోగ్య బీమా తీసుకుందామంటే, జబ్బేదీ తేలలేదు గనుక నొప్పి సంగతి ప్రపోజల్ ఫారంలో, అంటే బీమా దరఖాస్తులో, రాయనక్కర్లేదని ఏజెంటు చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. పాలసీ తీసుకునే ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించిన జబ్బే కాక, డాక్టరు సలహాగానీ చికిత్సగానీ పొందిన ఏ ఇబ్బందైనా ముందునుంచి ఉన్న వ్యాధి కిందికే వస్తుంది. పేరు లేకపోయినా మీ నొప్పికి ప్రిస్క్రిప్షన్లు ఉన్నాయి. రేపు పిత్తాశయంలో రాళ్లనో, మరొకటనో తేలి క్లెయిమ్ పెట్టినప్పుడు కంపెనీ మొదట అడిగేది ఆ పాత కాగితాలనే. దాచినట్టు తేలితే క్లెయిమ్‌తో పాటు పాలసీ కూడా పోవచ్చు. ఆ మాట చెప్పిన ఏజెంటు ఆనాడు మీ పక్కన ఉండరు. ఉన్నది ఉన్నట్టు రాస్తే కంపెనీ ప్రీమియం పెంచవచ్చు, నిర్ధారణ అయ్యేదాకా ఆగమనవచ్చు, లేదా నిరీక్షణ కాలంతో, అంటే ఆ ఇబ్బందికి కొంతకాలం క్లెయిమ్ చెల్లించమన్న షరతుతో, ఇవ్వవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఆ కాలం 36 నెలలకు మించకూడదు.

అందుకే రాజీనామా ఇప్పుడే వద్దు. ఉద్యోగులందరికీ కలిపి సంస్థ తీసుకునే చాలా గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకు మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. మీ దాంట్లో ఉందో లేదో, ఉద్యోగం మానితే అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందో హెచ్ఆర్‌ను మెయిల్‌లో అడిగి, జవాబు భద్రపరచుకోండి. కేవలం పరీక్షల కోసం ఆసుపత్రిలో చేరితే సాధారణంగా బీమా వర్తించదు. కాబట్టి ఔట్‌పేషెంట్ ఖర్చుకు (ఆసుపత్రిలో చేరకుండా అయ్యే ఖర్చుకు) పరిమితి ఏమైనా ఉందేమో కూడా ఆ మెయిల్‌లోనే కనుక్కోండి.

పాత రిపోర్టులు ఇంట్లో మరిచి వెళ్లినందువల్ల అల్ట్రాసౌండ్ మూడుసార్లు తీయించుకున్నట్టు రాశారు. నన్నడిగితే మీ డబ్బు ఎక్కువగా కారిపోతున్నది అక్కడే. కాగితాలన్నీ తేదీల వరుసలో ఒకే ఫైల్లో పెట్టి, స్కాన్ సీడీలతో సహా ఒకే డాక్టరుకు చూపించండి. కోరమంగలలోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ఆసుపత్రిలోగానీ, విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ప్రభుత్వ జీర్ణకోశ వైద్య సంస్థలోగానీ ఒక చోటే నిలకడగా చూపించుకోవడం మేలు. నేను డాక్టరును కాను. అయినా స్త్రీల వైద్యులు చూశారన్న మాట మీ ఉత్తరంలో కనిపించలేదు. ఎండోమెట్రియోసిస్ (గర్భాశయపు లోపొర వంటి కణజాలం గర్భాశయం బయట పెరగడం) వంటివి మామూలు స్కానింగులో బయటపడకపోవచ్చు, కనుక ఆ కోణం కూడా అడగండి.

కార్డు బాకీ మీద నెలకు సుమారు మూడున్నర శాతం వడ్డీ పడుతుంటే ఏడాదికి నలభై శాతం దాటినట్టే. ఇంట్లో నగలుంటే బ్యాంకులో బంగారం మీద అప్పు తీసుకుని కార్డు బాకీని ఈ నెలలోనే తీర్చేయండి. నగలు లేకుంటే పర్సనల్ లోన్ తీసుకోవచ్చు, కానీ దానికి బ్యాంకు జీతం స్లిప్పులు అడుగుతుంది గనుక ఆ పని కూడా ఉద్యోగంలో ఉండగానే ముగించండి.