వేలంపాటలో మిషన్ నాకే ఖరారైంది, డబ్బు కట్టాను, మిషన్ రాలేదు

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఇంట్లోనే బ్లౌజులు, చుడీదార్లు కుడతాను. ఆన్‌లైన్ వేలంలో సెకండ్‌హ్యాండ్ ఓవర్‌లాక్ మిషన్‌ను (బట్ట అంచులు కుట్టేది) రూ. 18,500కు పాడుకుని, డబ్బు ఆ సైట్‌లోనే కట్టాను. తర్వాత అమ్మినాయన సూరత్ నుంచి ఫోన్ చేసి, రవాణా ఖర్చులంటూ మరో రూ. 2,500 తన సొంత నంబరుకు వేయించుకున్నాడు. నెల దాటినా మిషన్ రాలేదు. కొరియర్ నంబరు కొడితే డెలివరీ అయిందని చూపిస్తోంది! సైట్ వాళ్లేమో తాము మధ్యవర్తులమే అంటున్నారు. ‘వేలంలో కొన్నదానికి రిటర్న్ ఉండదు, పైగా నువ్వు వ్యాపారానికి కొన్నావు, కన్జ్యూమర్ కోర్టుకు వెళ్లలేవు’ అని అమ్మినాయన బెదిరిస్తున్నాడు. సైట్‌లో పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే సగం ఇస్తానంటున్నాడు. కేసు వేయాలంటే సూరత్ వెళ్లాలా?
– ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: వెళ్లక్కర్లేదమ్మా. పాత చట్టం ప్రకారం అయితే అవతలి పక్షం ఉన్నచోటో, వివాదం పుట్టినచోటో కేసు వేయాల్సి వచ్చేది. 2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 34 ప్రకారం, కొన్నవాళ్లు తాము నివసించే చోట లేదా పని చేసుకునే చోట జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే (మీరన్న కన్జ్యూమర్ కోర్టు ఇదే) ఫిర్యాదు వేయవచ్చు. మీకు బెంగళూరు కమిషన్ చాలు. వినియోగదారుల కేసుల ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంట్లోంచే దాఖలు చేయవచ్చు. కన్నడ రాదని టెన్షన్ పడకండి, ఇంగ్లీషులో రాసుకోవచ్చు. కట్టిన సొమ్ము రూ. 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. గడువు మాత్రం రెండేళ్లు.

ఇక అమ్మినాయన పెట్టిన భయం సంగతి. వ్యాపారానికి కొన్నవాళ్లు వినియోగదారులు కారన్నది నిజమే. కానీ అదే చట్టంలోని సెక్షన్ 2(7) వివరణలో, స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే కొన్న వస్తువు వ్యాపార ప్రయోజనం కిందికి రాదని స్పష్టంగా ఉంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా విడమరిచింది. తాను తోలుకోవడానికి ఆటో కొన్నవాడు, తాను పని చేసుకోవడానికి లేత్ మిషన్ కొన్నవాడు వినియోగదారులేనని, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదని చెప్పింది. మీ కుట్టుమిషన్‌కు ఇంతకన్నా దగ్గరి తీర్పు అక్కర్లేదు. ‘ఈ మిషన్ మీదే నా జీవనం’ అన్న మాట ఫిర్యాదులో విడిగా రాయండి. చాలామంది ఇది రాయడం మరచి, మొదటి వాయిదాలోనే ఇబ్బంది పడతారు.

వేలంలో రిటర్న్ ఉండదన్నది నచ్చలేదని వెనక్కి ఇచ్చే సందర్భంలో మాట. అసలు పంపని వస్తువుకు అది ఎలా వర్తిస్తుంది? పాట మీకు ఖరారయ్యాక వస్తువు అప్పగించడం ఆయన బాధ్యత. తేదీ చెప్పకపోయినా సమంజసమైన గడువులో పంపాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం అంటోంది.

అదే చట్టంలోని సెక్షన్ 39ను ఆయన వాడుకునే వీలుంది, జాగ్రత్త. కొనుగోలుదారుకు చేర్చమని రవాణా సంస్థకు అప్పగిస్తే, పైపైన చూస్తే అది కొన్నవాళ్లకు అప్పగించినట్టే. అందుకే ఆ కొరియర్ రసీదును నిదానంగా చదవండి. మొదట పిన్‌కోడ్ చూడండి, తర్వాత బరువు. ఓవర్‌లాక్ మిషన్ కిలోల లెక్కలో తూగే వస్తువు. రసీదులో 200 గ్రాములని ఉంటే, ఆయన పంపింది ఏ కాగితమో, ఖాళీ కవరో అయి ఉంటుంది. వేరే పిన్‌కోడ్‌లో ఎవరికో ఇచ్చినట్టు ఉన్నా మీకు పంపినట్టు కాదు. ఎవరు సంతకం చేసి తీసుకున్నారో చూపే డెలివరీ రసీదు కావాలని కొరియర్ సంస్థకు ఈమెయిల్ పెట్టండి. ఈ కేసులో అన్నిటికన్నా బలమైన సాక్ష్యం అదే అవుతుంది.

సైట్ వాళ్లకు కూడా రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో వంద మాట్లాడినా లెక్కలోకి రాదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వాళ్ల గ్రీవెన్స్ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కొన్న తర్వాత మీరు రాసి అడిగితే అమ్మినవాడి చిరునామా, ఈమెయిల్ ఇవ్వాలి. ‘మధ్యవర్తులం’ అన్నంత మాత్రాన ఈ బాధ్యత తప్పిపోదు. అమ్మినాయన వేరే మిషన్లు కూడా వేలానికి పెట్టి ఉంటే ఆ పేజీలన్నీ ఇప్పుడే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఇంట్లో వాడేసిన ఒక వస్తువును ఒక్కసారి అమ్ముకున్న మామూలు మనిషికి ఈ నిబంధనలు వర్తించవు. ఆయన ఎప్పుడూ అమ్మే వ్యాపారి అని మీరు చూపాలి.

ఆ రూ. 2,500 విషయం వేరు. సైట్ బయట పంపిన డబ్బు కాబట్టి అది తమకు సంబంధం లేదని వాళ్లు గట్టిగా వాదిస్తారు. అందుకే పోలీసు ఫిర్యాదు తప్పనిసరి. ఇవాళే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయండి, అక్కడ ఇచ్చిన ఫిర్యాదు నంబరుతో మీ ప్రాంతంలో సైబర్ నేరాలు చూసే సెన్ (CEN) పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. మొదటి రోజే చేసి ఉంటే ఆ ఖాతాలో సొమ్మును ఆపించే అవకాశం ఎక్కువగా ఉండేది, అయినా మానకండి. మొదటినుంచీ పంపే ఉద్దేశం లేకుండా డబ్బు తీసుకుంటే అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం. పోలీసులు ‘ఇది సివిల్ గొడవ’ అని పంపేయబోతే, కొరియర్ రసీదులో బరువు గ్రాముల్లో ఉంటే దాన్ని ముందు పెట్టండి. పోలీసు కేసు ఉన్నా కమిషన్‌లో ఫిర్యాదు నడుస్తుంది.

ఆయనతో జరిగిన చాట్లు ఉంటే తొలగించకండి, ఫోన్ మార్చకండి. వాటిని సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కూడా జతచేయాలి.

సగం ఇస్తాననడం మీకు మేలే. డబ్బు తీసుకున్నానని ఆయనే ఒప్పుకున్నట్టు అయింది. ఆ మాట ఫోన్‌లో అని ఉంటే, మెసేజ్‌లో మళ్లీ అడిగి రాతలో చెప్పించండి. రూ. 21,000 మొత్తం మీ ఖాతాలో జమ అయ్యేదాకా మాత్రం సైట్‌లో ఫిర్యాదును మూయించకండి. ఒకసారి మూశాక మళ్లీ తెరవమని వాళ్లను బతిమాలాల్సి వస్తుంది.