‘వైల్డ్ ఎట్ హార్ట్’ ప్రేమకథేనా?

ఇంత రక్తపాతం, ఇన్ని వింత పాత్రలు ఉన్న ‘వైల్డ్ ఎట్ హార్ట్’ సినిమాను ప్రేమకథ అని ఎలా అంటారన్నది మీ ప్రశ్న. అది ముమ్మాటికీ ప్రేమకథే. పారిపోయే ప్రేమికుల మీద నేను చూసిన చిత్రాలలో ప్రేమను ఇంత నిండుగా నమ్మిన చిత్రం మరొకటి లేదు.

జైలు నుంచి విడుదలైన సెయిలర్, పెరోల్ షరతులను లెక్కచేయకుండా, ప్రియురాలు లూలాను వెంటబెట్టుకుని కారులో కాలిఫోర్నియా వైపు బయలుదేరతాడు. అతడిని చంపించడానికి లూలా తల్లే మనుషులను పురమాయిస్తుంది. ఆ తల్లిగా నటించిన డయాన్ లాడ్, లూలాగా నటించిన లారా డెర్న్‌కు కన్నతల్లి కావడం వల్ల వారిద్దరి మధ్య పంతం మరింత కలవరపెడుతుంది.

నేను ఈ చిత్రాన్ని ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో చూశాను. రాత్రివేళ నిర్మానుష్యమైన రోడ్డు మీద బట్టలు చెల్లాచెదురుగా పడి ఉంటాయి, కాస్త ముందుకు వెళితే కారు ప్రమాదం కనబడుతుంది. తలకు తీవ్ర గాయమైన ఒక అమ్మాయి చీకట్లోంచి తూలుతూ వచ్చి, తన పర్సు పోయిందని, అమ్మ చంపేస్తుందని వాపోతూ, జుట్టుకు ఏదో జిగురుగా అంటుకుందని విసుక్కుంటూ నేల మీద వెతుకుతుంది. హాలులో కొందరు నవ్వారు. సెయిలర్, లూలా నిస్సహాయంగా చూస్తుండగానే ఆమె ప్రాణం పోయేసరికి ఆ నవ్వులు ఆగిపోయాయి. చావు ముంచుకొచ్చిన వేళ కూడా తల్లి కోపానికి భయపడే ఆ అమ్మాయిని, తల్లి నుంచి పారిపోతున్న లూలా కళ్ల ముందుకు దర్శకుడు డేవిడ్ లించ్ ఊరికే తీసుకురాలేదని నా గట్టి నమ్మకం. లోకం ఎంత క్రూరమైనదో కళ్లారా చూశాక ఆ ఇద్దరూ ఒకరినొకరు మరింత గట్టిగా పట్టుకోవలసి వస్తుంది, హింస ఈ కథలో చేసే పని అదే.

ఇలాంటి ఘట్టాలను ముక్కలుగా కోసి ఫోన్లలో తిప్పుతున్నారు, వాటిని చూసినవారు దీన్ని పిచ్చి సినిమా అని తీర్పు చెబుతున్నారు. పాత ఫాంటసీ చిత్రం ‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’తో దీనికున్న పోలికలన్నిటినీ ఏకరువు పెట్టే విశ్లేషణలూ నాకు విసుగే, ఎందుకంటే అవి సెయిలర్, లూలాల గురించి ఒక్క మాటయినా చెప్పవు.

1990లో కాన్ చిత్రోత్సవంలో దీనికి అక్కడి అత్యున్నత పురస్కారమైన పామ్ డోర్ ప్రకటించినప్పుడు చప్పట్లతో పాటు ఈలలూ, కేకలూ వినిపించాయి. ఆక్షేపించేవారు ముఖ్యంగా ముగింపును తప్పుపడతారు. ఈ చిత్రానికి మూలమైన బ్యారీ గిఫర్డ్ నవలలో సెయిలర్ చివరికి లూలాను విడిచి వెళ్లిపోతాడు, కానీ లించ్ అతడిని ట్రాఫిక్‌లో నిలిచిపోయిన కార్ల మీదుగా ఆమె దగ్గరికి పరుగెత్తిస్తాడు. దీన్ని వెక్కిరింపుగా చూసేవారితో నేను ఏకీభవించను. దెబ్బలు తిని, ముక్కు వాచిపోయిన మనిషి కారు మీదికి ఎక్కి ఎల్విస్ ప్రెస్లీ ప్రేమగీతం ‘లవ్ మి టెండర్’ పాడుతుంటే, కెమెరా అతడిని నవ్వులపాలు చేయకుండా పాట పూర్తిగా పాడనిస్తుంది, సెయిలర్‌గా నటించిన నికొలస్ కేజ్ కూడా ఒక్క పదాన్నీ తేలికగా వదలకుండా మనసుపెట్టి పాడతాడు.