ఇన్సులిన్ సూది చెత్తలో వేస్తే పోలీసు కేసు అవుతుందా?

ప్రశ్న: మా అమ్మకు షుగర్. ఇన్సులిన్ వేసుకున్నాక సూదుల్ని పొడి చెత్త కవర్లో వేసేవాళ్లం. నిన్న చెత్త బండి దగ్గర ఆ కవర్ విప్పుతుంటే పారిశుద్ధ్య కార్మికురాలి వేలికి సూది దిగింది. వాళ్ల మేస్త్రి కేసు పెడతానంటున్నాడు. నిజంగా కేసు అవుతుందా? పరిహారం కట్టాలా? చాలా టెన్షన్‌గా ఉంది. (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కేసు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ కార్మికురాలిని ఈరోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, అవసరమా కాదా అన్నది డాక్టరు చెబుతారు. హెపటైటిస్ బి టీకా గురించి కూడా అడగండి. ఆ సూది ఎవరిదో తెలుసు కాబట్టి మీ అమ్మగారు తానే ముందుకొచ్చి రక్తపరీక్ష చేయించుకుంటే ఆవిడకు సగం భయం పోతుంది. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఈ పరీక్షకు అమ్మగారి సమ్మతి తప్పనిసరి, కోర్టు ఆదేశం ఉంటే తప్ప బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదు, కానీ ఒప్పుకోమనే నా సలహా.

ఇక కేసు. పెట్టొచ్చు. నిర్లక్ష్యంతో ఇతరులకు గాయం చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బెయిలబుల్ నేరమే, కాబట్టి అరెస్టు చేసినా బెయిల్ మీ హక్కు. "తెలియక వేశాం" అనే వాదన మాత్రం నిలబడటం కష్టం, ఎందుకంటే వాడిన సూదులు, సిరంజిలు ఇంట్లోని ప్రమాదకర చెత్త అనీ, వాటిని విడిగా ఇవ్వాలనీ 2016 ఘన వ్యర్థాల నియమాల్లోనే పేరుపెట్టి రాశారు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త నియమాలు ఇంకో అడుగు వేసి తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త అని నాలుగుగా వేరుచేయమంటున్నాయి.

పరిహారం కోసం ఆవిడ సివిల్ కోర్టుకూ వెళ్లొచ్చు. అంతదాకా రానివ్వకండి. వైద్య ఖర్చు, పోయిన రోజుల కూలి మీరే ఇవ్వండి, అది న్యాయం కూడా. అంతేగానీ నాలుగు డబ్బులు చేతిలో పెట్టి "కేసు పెట్టను" అని తెల్ల కాగితం మీద సంతకం తీసుకునే పని చేయకండి. చేతికి గ్లవ్స్ ఇవ్వని కాంట్రాక్టరుకూ ఇందులో బాధ్యత ఉంది, మేస్త్రికి ఆ మాట గుర్తుచేయండి, అయితే మీ తప్పు దాంతో తగ్గదు.

ఇకమీదట సూదిని వాడిన వెంటనే మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో, ఖాళీ ఫినాయిల్ డబ్బా అయినా సరే, వేసి మూత బిగించండి. ఇన్సులిన్ పెన్నుకు తగిలించే సూదికి వెనక వైపు కూడా ఒక మొన ఉంటుంది, చాలామంది అది గమనించరు. ముప్పావు నిండాక టేపు చుట్టి, పైన పెద్దక్షరాలతో "సూదులు" అని రాసి, చెప్పి మరీ చేతికివ్వండి. క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకంలో ఇచ్చిన మూడు డబ్బాల్లో ఎరుపుది ఇలాంటి చెత్త కోసమే. గడువు తీరిన మాత్రలు, పగిలిన థర్మామీటరు, ట్యూబ్‌లైట్లు, పెయింటు డబ్బాలు కూడా విడిగానే పెట్టాలి. మందులు నెలకు సరిపడా మాత్రమే కొంటే పారేసేవీ తగ్గుతాయి.

మా దగ్గర తీసుకునే చోటే లేదంటారా? ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం పెట్టి, వేళలు ప్రకటించాలని 2016 నియమాలు నగరపాలక సంస్థలకు చెప్పాయి. మీ వార్డుకు అది ఎక్కడుందో 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. అపార్ట్‌మెంట్ వాళ్లందరితో సంతకాలు పెట్టించి కమిషనర్‌కు ఇంకో అర్జీ ఇవ్వండి.