సముద్రంలో గాలానికి 1,500 రాడ్ చాలా, 15,000 పెట్టాలా?

విశాఖ ఒడ్డు నుంచి గాలం వేయడానికి మొదటి రాడ్ కొంటున్నారు, ఆన్‌లైన్లో 1,500కీ ఉంది, 15,000కీ ఉంది, ఏది తీసుకోవాలి అని అడిగారు. రెండూ వద్దండి. అయినా ధర సంగతి తర్వాత. ముందు ఇది తేల్చుకోండి: రాడ్ మీ చేతిలో ఉంటుందా, ఇసుకలో పాతిన పీవీసీ పైపులో ఉంటుందా?

భీమిలి ఇసుకలో రొయ్యో చేపముక్కో గుచ్చి, సీసం కట్టి విసిరి, పైపులో నిలబెట్టి జెల్లల కోసం కూర్చునేవాళ్లకి రాడ్ బరువుతో పని లేదు. పైపుకి చెయ్యి నొప్పెట్టదు కదా. అదే యారాడ వైపు రాళ్ల మీద నిలబడి 40–60 గ్రాముల మెటల్ జిగ్ (చేపలా కనిపించే లోహపు ఎర) పొద్దున్నించీ విసురుతూ, లాగుతూ పార చేపల కోసం తిరిగేవాళ్లకి కర్ర కొసన తగ్గే ప్రతి గ్రామూ భుజానికి తెలుస్తుంది. ఖరీదైన కార్బన్ రాడ్‌కి పెట్టే డబ్బులో పెద్ద వాటా ఆ తేలికకే పోతుంది. ఎర వేసి కూర్చునే మనిషి ఆ డబ్బు పెట్టడం దండగ.

పైగా కార్బన్ ఎంత గట్టిదైతే దెబ్బకి అంత పెళుసు. 40 టన్నుల కార్బన్ అని (ఆ అంకె గట్టిదనానికి గుర్తు) గొప్పగా రాసిన కర్రని రాతి మీద పడేస్తే, లేదా నడుస్తున్నప్పుడు వేలాడే సీసం వచ్చి కర్రకి టక్కున కొట్టుకుంటే, లోపల పోగులు చిట్లుతాయి. పైకి గీత కూడా కనిపించకపోవచ్చు. తర్వాతెప్పుడో మామూలు విసురుకే పుటుక్కుమంటుంది. ఫైబర్‌గ్లాస్, కార్బన్ కలిపిన కాంపోజిట్ కర్ర బరువుగా ఉంటుంది, నెమ్మదిగా వంగుతుంది, కానీ ఇలాంటి దెబ్బలు చాలా ఓర్చుకుంటుంది. మన రాళ్ల దగ్గర కొత్తవాళ్లకి అదే సరి. చవక రాడ్ పేజీల్లో కనిపించే ‘99 శాతం కార్బన్’ అన్న రాతని అసలు లెక్కలోకి తీసుకోకండి.

చవక రాడ్ పాడయ్యేది ఎక్కువగా గైడ్ల దగ్గరే, అంటే కర్ర పొడవునా దారం దూరి పోయే రింగుల దగ్గర. ఎలాగో చెప్తాను. బైక్ మీద తీసుకెళ్తున్నప్పుడో, గోడకి ఆనించినప్పుడో కొస గైడుకి చిన్న దెబ్బ తగులుతుంది. లోపలి సెరామిక్ రింగుకి వెంట్రుకంత బీట పడుతుంది. తంగూసు అయితే కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. సన్నటి పోగులు అల్లిన బ్రెయిడ్ దారం అయితే ఆ అంచు దాన్ని రంపంలా కోస్తుంది, ఒక్కో విసురుకీ కొన్ని పోగులు. కొన్ని విసుర్లు బాగానే పోతాయి. ఆ తర్వాత 100 గ్రాముల సీసం పూర్తి ఊపులో ఉండగా దారం తెగుతుంది. తెగిన సీసం నేరుగా నీళ్లలోకే పోతుందన్న నమ్మకం లేదు. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్ జనంలో పక్కకి పోయిందంటే ఎవరి తలో పగులుతుంది. ఇంత జరిగినా బ్రెయిడ్ మంచిది కాదని ఇంకో బ్రెయిడ్ కొంటారు గానీ గైడు వంక చూడరు. చెవి దూదిపుల్ల ఒకటి తీసుకుని ప్రతి రింగు లోపలా చుట్టూ తిప్పండి. దూది పోగు ఎక్కడ పట్టుకుంటే అక్కడ బీట ఉన్నట్టు.

ఇక ఉప్పు. చవక గైడ్ల ఫ్రేముకి తుప్పు మొదట గైడు కాలిని దారం చుట్టి కర్రకి కట్టిన చోట, పూత కింద పడుతుంది. పూత గోధుమరంగుకి తిరిగితే లోపల తుప్పు మొదలైనట్టే. ఫ్యూజీ అల్కొనైట్, ఎస్‌ఐసీ (సిలికాన్ కార్బైడ్) లాంటి గట్టి సెరామిక్ రింగులున్న రాడ్‌కి ఎక్కువ పెట్టడం న్యాయమే. అంత పెట్టలేకపోతే కొస గైడు ఒక్కటే మంచిది కొని మార్చండి, కొన్ని వందల్లో అయిపోతుంది. పాతదాని లోహపు గొట్టాన్ని లైటర్‌తో కొద్దిగా వేడిచేస్తే జిగురు కరిగి ఊడొస్తుంది. మంట కర్రకి తగలకూడదు. కర్ర కొస మందం మిల్లీమీటర్లలో కొలిచి, అదే సైజు గొట్టమున్నది హాట్‌మెల్ట్ జిగురుతో పెట్టి, మిగతా గైడ్లతో వరుస చూసుకోండి.

మడిచి సంచిలో పెట్టుకోవచ్చని చాలామంది టెలిస్కోపిక్, అంటే గొట్టంలో గొట్టం దూరే రాడ్ కొంటారు. సముద్రానికి వద్దు. ఇసుక రేణువు జాయింటులో దూరితే బిగుసుకుపోతుంది, బలవంతంగా తిప్పితే గొట్టం చీలుతుంది. పైగా వాటికి గైడ్లు తక్కువ, చేప లాగినప్పుడు ఒంపు మధ్యలో దారం కర్రకే రాసుకుంటుంది. రెండు ముక్కల 12 అడుగుల రాడ్ అయితే కొసది కాక కనీసం ఆరు గైడ్లు ఉండాలి. ఇంటికి రాగానే మంచినీళ్లు మెల్లగా పోసి కడిగి, పూర్తిగా ఆరాకే సంచిలో పెట్టండి.

రాడ్ లేబుల్ మీద 80–150 గ్రాములు అని ఉంటే అది విసరదగ్గ బరువు, సీసం, ఎర కలిపి. 100 గ్రాముల సీసానికి 50 గ్రాముల చేపముక్క కడితే అప్పుడే అంచుకి వచ్చేశారు. చవక రాడ్ మీద రాసినదాంట్లో మూడింట రెండు వంతులే నమ్మండి. చాలా రాడ్లు చేపని ఒడ్డుకి లాగేటప్పుడు కర్రని నిలువుకంటే వెనక్కి ఎత్తడం వల్ల విరుగుతాయి. అప్పుడు బరువంతా కొస మీదే పడుతుంది. 15,000 రాడ్ కూడా దానికి తట్టుకోదు.

షాపులో కొంటే రీలు బిగించి ఊపి చూడండి, రీల్ సీటు కదిలితే వదిలేయండి. కొసని చేత్తో పట్టుకుని వంచకండి. దారం గైడ్లలోంచి పోనిచ్చి ఇంకొకరిని లాగమనండి, ఒంపు అప్పుడే సరిగ్గా తెలుస్తుంది.

చేతిలో 8,000 ఉన్నాయనుకుంటే నేనైతే 3,000 రాడ్‌కి, 3,500 రీలుకి, మిగతాది 30 పౌండ్ల బలమున్న బ్రెయిడ్‌కి, 50 పౌండ్ల లీడర్‌కి (బ్రెయిడ్ చివర కట్టే మందపాటి దారం), గాలాలకి పెట్టమంటాను. లీడర్ రాడ్ పొడవుకి రెండింతలుండాలి, అంటే సుమారు 24 అడుగులు. విసిరేటప్పుడు డ్రాగ్ (చేప లాగితే దారం వదిలే రీలు బిగువు) పూర్తిగా బిగించి, వేలికి తోలు తొడుగు వేసుకోండి, లేకపోతే బ్రెయిడ్ వేలు కోసేస్తుంది. సీసం నీళ్లలో పడ్డాక స్ప్రింగ్ కాటాతో చూసి డ్రాగ్‌ని 4 కిలోల దగ్గరికి వదులు చేయండి. తెగిన బ్రెయిడ్ ముక్కల్ని దయచేసి రాళ్లలో వదలకండి. గుడ్లు పెట్టడానికి ఇదే తీరానికి వచ్చే తాబేళ్ల కాళ్లకి అవే చుట్టుకుంటాయి.

కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉరుము వినిపిస్తే రాడ్ అక్కడే కింద పెట్టి వచ్చేయండి, అది ఎంత పెట్టి కొన్నదైనా సరే.